వానాకాలంలో రిషికేశ్: గంగ ఒడ్డుకు చేరేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్ చివరి వారం నుంచి సెప్టెంబర్ చివరి దాకా రిషికేశ్ యాత్ర పెట్టుకున్నవారు రైలు టిక్కెట్లకంటే ముందు అక్కడి గంగ స్వభావం తెలుసుకోవడం మంచిది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని వింటూ పెరిగినవాళ్లం మనం. ఆ నీరు ధవళేశ్వరం చేరేలోగా లంక గ్రామాలవారికి గొడ్డూ గోదా, ధాన్యం బస్తాలూ గట్టుకు చేర్చుకునే వ్యవధి దొరుకుతుంది. వరద అనగానే మన కళ్లముందు కదిలేది మెట్టు తరువాత మెట్టు నిదానంగా ఎక్కి వచ్చే ఆ ఎర్రనీరే. రిషికేశ్‌లో ఆ నిదానం ఉండదు. హిమాలయాల నుంచి గంగ మైదానంలోకి దిగే గుమ్మం ఆ ఊరు. ఇరుకు లోయల్లో పరుగెత్తి వచ్చిన నీరు ఆ ఊపు తగ్గకముందే అక్కడి ఘాట్‌లను తాకుతుంది. ఊళ్లో ఎండ కాస్తున్నంత మాత్రాన నది శాంతించినట్టు కాదు.

కొన్నేళ్ల కిందట జూన్ నెలాఖరులో, ఊళ్లో ఇంకా వానలు పట్టకముందు, మా పెద్దమ్మను త్రివేణి ఘాట్‌కు తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి నాకు బోధపడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆవిడ నీటికి రెండు మెట్లు పైన కూర్చుని సంకల్పం చెప్పుకుంటూంటే, ఇత్తడి చెంబును నేను కింది మెట్టు మీద పెట్టాను. ఆకుదొన్నెల్లో పూలూ వత్తులూ పెట్టి అమ్ముకునే ఒక ముసలాయన మా వైపు చూడకుండా నీటి వైపే చూస్తూ, "పానీ మటమైలా హో గయా, మాతాజీ కో ఊపర్ లే జాయియే" అన్నాడు. నీరు మట్టిరంగుకు తిరిగింది, అమ్మగారిని పైకి తీసుకెళ్లమని. నిజమే, కాసేపటి క్రితం ఆకుపచ్చగా ఉన్న నీటి అంచున గోధుమరంగు చార ఒకటి కనిపించింది, దాని మీద ఎండుపుల్లలూ చీరు (కొండల్లో పెరిగే పైన్) చెట్ల సూదుల్లాంటి ఆకులూ తేలుతున్నాయి. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడేసరికి చెంబున్న మెట్టు కనిపించలేదు, చెంబూ కనిపించలేదు.

ఆ ముసలాయన చూసిన గుర్తులే యాత్రికులు కూడా నేర్చుకోవలసినవి. నీటి రంగు మారడం, పుల్లలూ ఆకులూ చెత్తా ఒక్కసారిగా తేలి రావడం, అప్పటిదాకా పొడిగా ఉన్న మెట్టు తడిసి మళ్లీ ఆరకపోవడం, నీటి హోరు గొంతు మారినట్టు బరువెక్కడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చేస్తున్న పూజను అక్కడే ఆపి పైకి రావాలి. వాన రోజుల్లో గంగ ఎప్పుడూ మట్టిరంగులోనే ఉంటుంది కాబట్టి జూలై, ఆగస్టుల్లో రంగు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. మిగతా గుర్తులను కూడా కనిపెట్టుకుని ఉండాలి.

నీరు ఇంత హఠాత్తుగా ఎందుకు పెరుగుతుందో అర్థమైతే జాగ్రత్త దానంతటదే వస్తుంది. రిషికేశ్‌కు సుమారు 70 కిలోమీటర్ల ఎగువన దేవప్రయాగ దగ్గర భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి. భాగీరథి మీద 260.5 మీటర్ల ఎత్తున్న టెహ్రీ ఆనకట్ట ఉంది కనుక ఆ వైపు వచ్చే వరదలో చాలా భాగం జలాశయంలో నిలుస్తుంది. అలకనంద మీద అంత నీటిని పట్టి ఉంచగల జలాశయం లేదు. కేదార్‌నాథ్ వైపు నుంచి వచ్చే మందాకిని కూడా రుద్రప్రయాగ దగ్గర దానిలోనే కలుస్తుంది. కాబట్టి బదరీ, కేదార క్షేత్రాల వైపు కురిసిన కుండపోత కొన్ని గంటల్లో రిషికేశ్ మెట్ల మీదికి వస్తుంది. దేవప్రయాగకు దిగువన వ్యాసఘాట్ దగ్గర కలిసే నయార్, శివపురి దగ్గర కలిసే హెంవల్ వానల మీద ఆధారపడ్డ నదులే కాబట్టి అవి కూడా తమ వంతు కలుపుతాయి. వీటికి తోడు విద్యుత్ ప్రాజెక్టుల గేట్లు ఎత్తినప్పుడు వచ్చే నీరు వేరే.

కేంద్ర జలసంఘం లెక్క ప్రకారం రిషికేశ్ దగ్గర హెచ్చరిక మట్టం 339.50 మీటర్లు, ప్రమాద మట్టం 340.50 మీటర్లు. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క మీటరు, అంటే మామూలు మనిషి నడుము ఎత్తు. స్థానిక వార్తల్లో ఈ అంకెలు రోజూ వస్తాయి. ఘాట్‌కు బయలుదేరేముందు బస చేసిన చోట అడిగినా చెబుతారు. నీరు హెచ్చరిక మట్టానికి దగ్గరలో ఉందని తెలిస్తే ఆ పూటకు స్నానం మానుకోవడమే సరైన పని. 2013 జూన్ కేదార్‌నాథ్ విలయం నాడు అవతలి ఒడ్డున స్వర్గాశ్రమం వైపున్న పరమార్థ్ నికేతన్ ఆశ్రమం ఘాట్‌లోని పెద్ద శివుడి విగ్రహం కొట్టుకుపోవడాన్ని టీవీల్లో చూసినవారికి ఆ నీటి బలం గురించి వేరే చెప్పనక్కరలేదు. ప్రమాదానికి వాన కూడా అవసరం లేదని 2021 ఫిబ్రవరి 7 చూపించింది. ఆనాడు చమోలీ జిల్లాలో నిండు చలికాలంలో, వాన చినుకు లేకుండానే రిషిగంగ విరుచుకుపడితే దిగువన రిషికేశ్, హరిద్వార్ ఘాట్‌లలో కూడా జనాన్ని అప్రమత్తం చేశారు. ఇక్కడ ఒక చిన్న మాట. ఆ వరద దెబ్బతీసిన తపోవన్ చమోలీలోనిది. రిషికేశ్‌లో హోటళ్లుండే పేటను కూడా తపోవన్ అనే అంటారు. టీవీలో తపోవన్ మునిగిందని విని ఇంటి దగ్గరివారు కంగారుపడకుండా ఈ తేడాను ముందే చెప్పి వెళ్లడం మంచిది.

గేట్ల నీటి సంగతి తెలుగువారికి ఎవరూ కొత్తగా చెప్పవలసిన పని లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల్లో 24 మంది, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. నది వేరు, రాష్ట్రం వేరు, కానీ రాళ్ల మధ్య చీలమండ లోతున పారే నీరు నిమిషాల్లో ఎలా మారుతుందో ఆ ఘటన చూపింది. రిషికేశ్‌లో నీమ్ బీచ్, గోవా బీచ్, సచ్చా ధామ్ ఘాట్ అని పిలిచే ఇసుక తిన్నెల దగ్గర మునకలు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకునేవారిలో ఎక్కువమంది బయటి నుంచి వచ్చిన యువకులే. మెత్తని తెల్లటి ఇసుక, దాని అంచున నిశ్చలంగా కనిపించే నీరు చూస్తే ఎవరికైనా దిగాలనిపిస్తుంది. రెండడుగులు దాటేసరికి ఇసుక కింద నేల కోసుకుపోయి ఉంటుంది, ఆపైన పడవను కూడా తిప్పేసే ప్రవాహం. నీరు మంచు కరిగి వచ్చినది కాబట్టి నడివేసవిలో కూడా చలిగా ఉంటుంది. ఒక్కసారిగా అందులో మునిగినవారికి ఊపిరి ఎగబట్టి, ఈత వచ్చినా చేతులు ఆడవు. మా ఊరి కాలువలో ఈదినవాణ్నే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

అందుచేత స్నానం గొలుసులు, రెయిలింగులు ఉన్న ఘాట్‌లోనే చేయాలి, అదీ పగటి వెలుతురులో, అక్కడ పదిమంది స్నానం చేస్తున్నప్పుడే. గొలుసును చేత్తో పట్టుకుంటే చాలదు, మోచేయి మడతలో వేసుకుని మునగాలి. మెట్ల మీద వరద వదిలిన ఒండ్రు సబ్బులా జారుతుంది కాబట్టి నిలబడి దిగకుండా కూర్చుని ఒక్కొక్క మెట్టూ జరగడం పెద్దవారికి క్షేమం. ఆరు గజాల చీర నీళ్లు పీల్చుకుంటే ఎంత బరువెక్కుతుందో, ప్రవాహం దాని కుచ్చెళ్లను పట్టి ఎలా లాగుతుందో గట్టున ఉన్నవారికి తెలియదు. ఆడవారు స్నానానికి నైటీ గానీ పంజాబీ డ్రెస్సు గానీ వేసుకుని, చీర ఒడ్డుకు వచ్చాక కట్టుకోవచ్చు. మగవారు పంచెను గోచీ పోసి బిగించుకోవాలి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు అసలు నీటిలోకి దిగనక్కరలేదు. సంకల్పం చెప్పుకుని పై మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నా అది గంగాస్నానమే. ఇంత దూరం వచ్చి మూడు మునకలు వేయకపోతే ఎలా అని పట్టుబట్టే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, వాళ్లకు రైలెక్కకముందే ఈ మాట చెప్పి ఒప్పించాలి, ఘాట్ దగ్గర వాదన పెట్టుకుంటే నెగ్గలేం. ఎవరైనా జారి కొట్టుకుపోతుంటే వెనకే దూకరాదు. తువ్వాలు, చీర, కర్ర, తాడు ఏది అందుబాటులో ఉంటే అది విసిరి, కేకలు వేసి, 112కు ఫోన్ చేయాలి. వానాకాలంలో ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం), జల పోలీసు సిబ్బంది ముఖ్యమైన ఘాట్‌ల దగ్గర ఉంటారు. సాయంకాలపు హారతి సమయంలో నీరు ఎక్కువగా ఉంటే త్రివేణి ఘాట్‌లో హారతి వేదిక కూడా మునుగుతుంది. అలాంటప్పుడు హారతిని వెనక జరిపిన చోటు నుంచే చూడాలి తప్ప దీపం వదలడానికి చీకట్లో అంచుకు వెళ్లకూడదు.

గంగ కంటే ఎక్కువగా మోసం చేసేవి ఎండు వాగులు. రిషికేశ్ ఊరికీ ముని కీ రేతీకీ మధ్య చంద్రభాగ అనే వాగు ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది గులకరాళ్ల మైదానంలా పడి ఉంటుంది, అందులో మనుషులు అడ్డంగా నడిచిపోతుంటారు. 2025 సెప్టెంబర్ 16న అదే చంద్రభాగ పొంగి నీరు హైవే మీదికి వచ్చి వాహనాలు చిక్కుకుపోయాయి. అంతకుముందు ఏడాది 2024 జూన్ 29న హరిద్వార్‌లో సుఖీ నది పొడి గర్భంలో నిలిపి ఉంచిన కార్లు ఒక్క వానకు ఆటబొమ్మల్లా తేలుతూ గంగలోకి వెళ్లిపోయాయి. సుఖీ అంటే ఎండినది అనే అర్థం, ఆ పేరు చూసి నమ్మినవారి కార్లవి. కిరాయి బండి డ్రైవరు ఖాళీ జాగా ఉందని వాగులో ఆపుతానంటే ఒప్పుకోకండి. హరిద్వార్ నుంచి రిషికేశ్‌కు చీలా మీదుగా వెళ్లే అడవి దారి చల్లగా, రద్దీ లేకుండా ఉంటుందని కొందరు డ్రైవర్లు చెబుతారు. ఆ దారిలో బీన్ నది రోడ్డుకు అడ్డంగా పారుతుంది, వాన పడితే దాటడం ప్రాణాపాయం. పక్కనే ఉండే చీలా కాలువ సిమెంటు గోడలతో, లోతుగా, వేగంగా ఉంటుంది, అందులో పడినవారికి పట్టుకోవడానికి గట్టు దొరకదు. పైగా అది రాజాజీ అభయారణ్యం ఏనుగులు తిరిగే చోటు. వానాకాలంలో హైవే మీదుగానే వెళ్లాలి.

తెలుగు యాత్రికులు తరచుగా తడబడే ఇంకో విషయం పంచాంగం. మనకు మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదివారికి పూర్ణిమతో ముగుస్తుంది. అందువల్ల వాళ్ల సావన్ మాసం మన శ్రావణం కంటే పక్షం రోజులు ముందే మొదలవుతుంది. 2025లో జూలై 10 గురుపూర్ణిమ అయిన మర్నాడే అక్కడ సావన్ వచ్చింది, మనకు శ్రావణం మొదలైంది జూలై 25న. ఇంకా ఆషాఢమే కదా, రద్దీ ఉండదు అనుకుని వెళ్లినవారు సరిగ్గా కావడి యాత్ర నడుమ చిక్కుకున్నారు. సావన్ మొదటి పక్షంలో కాషాయం కట్టిన శివభక్తులు లక్షల సంఖ్యలో గంగాజలం కోసం హరిద్వార్, రిషికేశ్‌లకు వస్తారు, వారిలో చాలామంది నీలకంఠ మహాదేవ ఆలయానికి కూడా వెళతారు. ఢిల్లీ నుంచి వచ్చే హైవేలో వాహనాలను దారి మళ్లిస్తారు, హరిద్వార్ నుంచి రిషికేశ్ వరకు ఉన్న పాతిక కిలోమీటర్లకు పూట గడిచిపోవచ్చు. గురుపూర్ణిమ నుంచి సావన్ శివరాత్రి దాకా, అంటే మన ఆషాఢ బహుళ చతుర్దశి వరకు, పెద్దవారితో ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది. తప్పనిసరి అయితే రోడ్డు మార్గం వదిలి రైలులో హరిద్వార్ గానీ యోగ్ నగరి రిషికేశ్ స్టేషన్ గానీ చేరుకోవాలి, లేదా డెహ్రాడూన్ జాలీగ్రాంట్ విమానాశ్రయంలో దిగాలి. తిరుగు ప్రయాణానికి కనీసం ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవాలి.

ఊరి అమరిక గురించి రెండు మాటలు. రిషికేశ్ అని మనం ఒక్క పేరుతో పిలిచేది మూడు జిల్లాల అంచున ఉంది. త్రివేణి ఘాట్, బజారు, స్టేషన్లు డెహ్రాడూన్ జిల్లావి, ముని కీ రేతీ, తపోవన్ టెహ్రీ జిల్లావి, అవతలి ఒడ్డున స్వర్గాశ్రమం పౌరీ జిల్లాది. ఒక జిల్లా కలెక్టరు ఇచ్చిన వాన హెచ్చరిక, ఆంక్షలు నది దాటితే వేరుగా ఉండవచ్చు కనుక మీరు దిగిన చోటు ఏ జిల్లాలోనిదో తెలుసుకుని ఉండాలి. సుమారు తొంభై ఏళ్లు నిలిచిన లక్ష్మణ్ ఝూలా వంతెన బలహీనపడిందని 2019 జూలైలో మూసివేయాలని నిర్ణయించారు. నది దాటడానికి రామ్ ఝూలా, 2020లో ప్రారంభమైన జానకీ సేతు ఉన్నాయి. నీరు పెరిగితే పడవలు ఆపేస్తారు. వంతెన మీద జనం బిగుసుకుపోయి ఉంటే ఊగే దాని మీదికి వెళ్లకుండా కాసేపు ఒడ్డునే ఆగాలి. మధ్యలో నిలబడి సెల్ఫీలు తీసుకునేవారి చేతుల్లోంచి కోతులు ఫోన్లూ కళ్లజోళ్లూ లాక్కుపోవడం అక్కడ నిత్యకృత్యం. గది తీసుకునేటప్పుడు గంగ కనిపించే గది కావాలని అడగడం సహజమే, కానీ వానాకాలంలో నది అంచున కింది అంతస్తు గది తీసుకోవద్దు. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే ఆంధ్రాశ్రమంలో గది దొరికితే భాష సమస్య ఉండదు, తెలుగు తెలిసినవారి ద్వారా ఆనాటి పరిస్థితి కనుక్కోవచ్చు.

రిషికేశ్ నుంచి పైకి, అంటే బదరీనాథ్ దారిలో వెళ్లదలచినవారు చార్‌ధామ్ నమోదు ముందే చేయించుకోవాలి, తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడకముందే ఎక్కడో ఒకచోట ఆగాలి. శివపురి, కౌడియాలా దాటాక కొండచరియలు విరిగిపడే చోట్లు వరుసగా ఉంటాయి. ముందు బండి ఆగిపోయి, పైనుంచి చిన్న గులకరాళ్లు రాలుతున్నాయంటే దిగి చూడటానికి వెళ్లకూడదు, అద్దాలు దించి చప్పుడు వినాలి, బండిని వెనక్కి తీయించాలి. ర్యాఫ్టింగ్‌ను జూలై, ఆగస్టు నెలల్లో ఆపివేస్తారు, సెప్టెంబర్‌లో నీటిని చూసి మొదలుపెడతారు. మూసివేసిన రోజుల్లో చాటుగా తీసుకెళతాం అనేవారి మాట వినకండి. నీలకంఠానికి అడవిలో నడిచే కాలిబాట వాన రోజుల్లో జెలగలతో, జారుడుతో, ఒక్కోసారి ఏనుగులతో కూడుకుని ఉంటుంది, ఆ దర్శనానికి జీపులో వెళ్లి పగలే తిరిగి రావాలి.

ఆరోగ్యం విషయంలో మొదటి జాగ్రత్త నీళ్లే. తీర్థం అని గంగనీటిని దోసిట తాగడం ఈ కాలంలో మానాలి. వరదతో పాటు ఎగువ ఊళ్ల మురుగంతా అందులో కలుస్తుంది, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు అలాగే వస్తాయి. భక్తి కోసం ఒక చుక్క తలమీద చల్లుకుంటే చాలు. కాళ్లకు పుండ్లు ఉన్న మధుమేహ రోగులు నిలిచిన వాననీటిలో నడవకూడదు, తడిసిన సాక్సులు వెంటనే మార్చాలి. రోజూ వేసుకునే మాత్రలు వారం రోజులకు అదనంగా తీసుకెళ్లి, సగం ఒక సంచిలో, సగం ఇంకో సంచిలో ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకోవాలి. వానల చివర డెంగీ ఉంటుంది కనుక పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు అవసరం. జ్వరం వస్తే సొంత వైద్యం చేసుకోకుండా ఊళ్లోనే ఉన్న ఎయిమ్స్‌కు వెళ్లవచ్చు.

కొండప్రాంతంలో కరెంటు, సెల్ సిగ్నల్ ఒకేసారి పోతాయి. అప్పుడు యూపీఐ పనిచేయదు, కాబట్టి రెండు రోజులకు సరిపడా చిల్లర నోట్లు దగ్గరుంచుకోవాలి. ప్రతి పెద్దవారి జేబులో ఒక చీటీ ఉండాలి, దాని మీద పేరు, బస చేసిన చోటి పేరు, ఇంటి ఫోను, వాడే మందులు హిందీలోనూ తెలుగులోనూ రాయాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో రోజూ పొద్దున్నే ఒక చోటు చెప్పుకోవాలి, అది ఘాట్ కాకుండా ఎత్తున ఉన్న గుడో హోటలో అయితే నయం. రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రం నంబరు 1070ని అందరి ఫోన్లలో వేసి పెట్టండి.

తిరిగి వచ్చేటప్పుడు గంగాజలం తెచ్చుకోకుండా ఎవరూ ఉండరు. వానాకాలపు నీటిలో సిమెంటులాంటి సన్నని ఒండ్రు ఉంటుంది, చీలా విద్యుత్ కేంద్రమే కొన్నిసార్లు ఆ ఒండ్రు భయానికి ఉత్పత్తి ఆపుకుంటుంది. క్యానును అంచున వంగి నింపకుండా, తాడు కట్టిన చెంబుతో పై మెట్టు నుంచి తోడుకోవాలి. గదికి తెచ్చాక ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున వేలెడు మందం బురద పేరుకుంటుంది, పైన తేరిన నీటిని వేరే సీసాలోకి మెల్లగా వంచుకుని, మూతకు మైనం అంటించి సంచిలో నిలువుగా పెట్టుకోవాలి.